సేనలో పదవుల బేరము

2025వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన చీనా రక్షణశాఖవారు ఒక ప్రకటన గావించిరి. తొమ్మండుగురు ఉన్నత సేనాధికారులను పాలకకక్షనుండియు సైన్యమునుండియు వెడలగొట్టినట్లు అందు చెప్పబడినది. వారిలో హె వెయ్‌డాంగ్ అనునాతడు కేంద్ర సైనిక సంఘమునకు ఉపాధ్యక్షుడు. ఇంచుమించు ఇరువది లక్షలమందిగల ఆ మహాసైన్యమున సర్వాధ్యక్షుని తరువాత నెన్నదగిన యిరువురిలో నొకడు. మియావ్ హ్వా అను మఱియొకడు ఆ సంఘమున రాజకీయ కార్యశాఖకు అధిపతిగా నుండినవాడు. ఈ వార్త మన పఠనమందిరములలో ఒకపూట ముచ్చటయై మఱునాటికి మఱుగుపడినది. పొరుగువాని యింటిగుట్టు రచ్చకెక్కినదని సంతసించినవారును లేకపోలేదు. ఆ సంతోషమున పాలుపంచుకొనుటకు మాకు మనసు రాకున్నది. పొరుగింట నంటుకొన్న నిప్పు ఏ మూలనుండి పుట్టినదో తెలిసికొన్నగాని మన యింటి చూరు భద్రమో కాదో చెప్పజాలము.

రాజకీయ కార్యశాఖ యన్నంతనే ఉపన్యాసములిచ్చు శాఖ యేదో యని పాఠకులు తలంతురు. ఉపన్యాసములును కలవు. కాని దాని బలమంతయు వేఱొకచోట నున్నది. ప్రతి సేనాధికారి పుట్టుపూర్వోత్తరములు నెక్కియున్న దస్త్రములు ఆ శాఖవారి చేతిలో నుండును. ఎవడు కర్నలు కావలయును, ఎవడు కాకూడదు, ఎవనిని రాజధానికి రప్పింపవలయును, ఎవనిని ఎడారి సరిహద్దునకు పంపవలయును అను నిర్ణయములు ఆ దస్త్రములమీద నాధారపడియుండును. 2002 మొదలు 2004 వఱకు ఆ పీఠము నధిష్ఠించిన షూ త్సాయ్‌హౌ అనునాతడు తరువాత సైనిక సంఘమునకు ఉపాధ్యక్షుడయ్యెను. పదవులిప్పించుటకై స్వయముగాను, కుటుంబమువారి ద్వారమునను లంచములు గ్రహించెనన్న నేరమునకు 2014 జూన్‌లో కక్షనుండి బహిష్కరింపబడెను. సైనిక న్యాయస్థానము మెట్లెక్కకమున్నే 2015 మార్చిలో వ్యాధిచే మరణించెను. 2012 మొదలు 2017 వఱకు అదే పీఠమున కూర్చున్న ఝాంగ్ యాంగ్, దర్యాప్తు సాగుచుండగా 2017 నవంబరులో ఆత్మహత్య చేసికొనెను. ఆతని తరువాత వచ్చినవాడే యీ మియావ్ హ్వా. సేనయొక్క శీలమును కాపాడుటకై వేసిన కుర్చీనుండి మువ్వురు పడిరి. షూతోపాటు ఉపాధ్యక్షుడుగా నుండిన గువో బోషియాంగునకు 2016 జూలైలో యావజ్జీవ కారాగారము విధింపబడినది. వీరి యిండ్లలో దొరకిన ధనరాశులను గూర్చి కథలు పెక్కు వ్యాపించినవి. మేము వానిని చూచినవారము కాము, వ్రాయబోము. అధికార ప్రకటనలలో నున్నదియే మనకు చాలును.

సైన్యములో లంచమనగానే మనదేశమున ఎల్లరకును ఫిరంగుల కొనుగోలు జ్ఞాపకము వచ్చును. 1986లో స్వీడను దేశమునుండి బోఫోర్సు ఫిరంగులు కొన్నప్పుడు మధ్యవర్తులకు కమిషను ముట్టెనన్న యారోపణ 1987లో బయలుపడి ఒక మంత్రివర్గమునే కుదిపివేసినది. ఆ వ్యాజ్యములు ఏమైనవో వేఱుగ చెప్పవలసిన కథ. కాని యొక విషయము పాఠకులు గమనింపవలయును. ఆ ఫిరంగులే 1999లో కార్గిలు శిఖరములమీద శత్రువుల స్థావరములను పిండిచేసినవి. సొమ్ము చేతులు మాఱినను ఇనుము ఇనుమే. ఫిరంగి చెడ్డదైనచో పరీక్షలో బయటపడును, తిరుగగొట్టవచ్చును, మఱియొకటి తెప్పించుకొనవచ్చును. సొమ్మిచ్చి కర్నలైనవాని సంగతి యట్లు కాదు. వాడు చెడ్డవాడని తెలియుటకు యుద్ధము రావలయును. అప్పటికి వాని మాట నమ్మి ముందుకు నడచిన వెయ్యిమంది సిపాయిలు మిగులుదురో లేదో!

అంతమాత్రమే కాదు. సొమ్మిచ్చి పదవి గొన్నవాడు ఆ సొమ్మును ఎక్కడనుండియో రాబట్టుకొనవలయును గదా. సేనాధికారి పొలము దున్నడు, దుకాణము పెట్టడు. తన క్రింది పదవులను తాను అమ్మవలసినదే. క్రిందివాడు కొని, వాని క్రిందివానికి అమ్మును. ఈ గొలుసు చివరకు నాయకు పదవి కోరిన బీద సిపాయి చేతి కడియమువఱకు దిగివచ్చును. 2023లో కొన్నిమాసములు మాత్రము చీనా రక్షణమంత్రిగా నుండిన లీ షాంగ్‌ఫూను 2024 జూన్‌లో బహిష్కరించునపుడు చేసిన ప్రకటనలో, ఆతడు లంచములు పుచ్చుకొనుటయే గాక ఇచ్చెననియు, పదవుల విషయమున తనకును పరులకును అక్రమ లాభములు సంపాదించెననియు చెప్పబడినది. రక్షణమంత్రి లంచమిచ్చుట! ఎవరికిచ్చెనో ఆ ప్రకటనలో లేదు. న్యాయవాద వృత్తిలోనున్న మాకు ఆ మౌనమే అన్నిటికంటె గట్టిగా వినవచ్చుచున్నది. ఇచ్చినవాని పేరు చెప్పి పుచ్చుకొన్నవాని పేరు చెప్పని అభియోగపత్రమును ఏ మునసబు కోర్టులోనైనను తిప్పిపంపుదురు.

పదవుల విక్రయము ఆసియావాసుల జాడ్యమని పాశ్చాత్యులు కొందఱు వ్రాయుచుందురు. వారి జ్ఞాపకశక్తి బహుస్వల్పమని చెప్పవలసియున్నది. ఆంగ్లేయ సైన్యములో 1871 వఱకు పదవుల విక్రయము రహస్యముగ జరుగలేదు, బహిరంగముగ, చట్టసమ్మతముగ జరిగినది. ధరలపట్టిక యుండెడిది. పందొమ్మిదవ శతాబ్దిలో సాధారణ పదాతి పటాలమున ఎన్‌సైను పదవికి 450 పౌనులు, కెప్టెను పదవికి 1,800, లెఫ్టినెంటు కర్నలు పదవికి 4,500. క్రింది పదవి నమ్మగా వచ్చిన సొమ్మునకు తేడా కలిపి పై పదవి కొనుచుండిరి. పట్టికలోని ధరకుపైన రహస్యముగ మఱికొంత యిచ్చుట చట్టవిరుద్ధమైనను వాడుకలో నుండెను. మంచిపేరుగల పటాలమునకు గిరాకి యెక్కువ, పైధరయు నెక్కువ. ఫిరంగిదళమునందును, ఇంజినీర్ల దళమునందును మాత్రము పదవు లమ్ముటకు వీలులేదు. ఏలన, గణితము రానివానికి ఫిరంగి యప్పగించినచో అది ముందునకు పేలునో వెనుకకు పేలునో తెలియదని ఎఱుగుదురు. మనుష్యులను నడపుటకు మాత్రము విద్య యక్కఱలేదని తలంచిరి కాబోలు!

ఈ విక్రయమునకు వాదము లేకపోలేదు. ధనవంతులైన పెద్దమనుష్యులకే దేశభద్రతలో ఎక్కువ స్వార్థముండునని వెల్లింగ్టను ప్రభువువంటి వారును దానిని సమర్థించిరి. అధికారి దుష్ప్రవర్తనకు దొరకి తొలగింపబడినచో కొన్న సొమ్మంతయు పోవును గావున అది సత్ప్రవర్తనకు జామీనువంటిదని మఱియొక వాదము. వినుటకు ఇంపుగనే యున్నది. కాని అదే నిబంధనను రెండవవైపు త్రిప్పి చూడుడు. యుద్ధరంగమున మరణించినను సాధారణముగా ఆ సొమ్ము పోవుచుండెను. తన జీవితకాలపు కూడబెట్టంతయు ఒక పదవిలో పెట్టిన మనుష్యుని శత్రువుమీదికి దుముకుమనుట ఎట్టిది? వీరులు దుమికిరి, నిజమే. అది వారి వీరత్వము. నిబంధన మాత్రము వెనుకకే లాగుచుండెను. 1854 అక్టోబరు 25న బాలక్లావాకడ తేలిక గుఱ్ఱపుదళమును ఫిరంగుల నోటిలోనికి నడిపించిన కార్డిగను ప్రభువు ధనముతో పదవులు పొందినవాడే. 1834లో ఒక పటాలపు అధికారమునుండి తొలగింపబడి, 1836లో మఱియొక పటాలమును సంపాదించుకొనెను. ఆనాటి తప్పు ఆతని యొక్కనిదే యనుట న్యాయము కాదు. పైనుండి వచ్చిన ఉత్తరువే తికమకలతో నుండెను. అయినను ఒక పటాలమున పనికిరాడని త్రోసిపుచ్చబడినవాడు రెండేండ్లలో మఱియొక పటాలమునకు అధిపతి యగుట ధనమునకే సాధ్యము. 1871లో గ్లాడ్‌స్టను మంత్రివర్గమువారు ఈ పద్ధతిని మాన్పజూడగా ప్రభువుల సభవారు అడ్డుపడిరి. తుదకు రాణిగారి ప్రత్యేకాజ్ఞచే ఆ నవంబరు 1వ తేదీనుండి అది రద్దయ్యెను. చట్టవిరుద్ధముగ చెల్లించిన పైధరకు గూడ ఖజానానుండి పరిహార మిచ్చిరి. తప్పును మాన్పుటకు తప్పు చేసినవారికే వెల చెల్లింపవలసివచ్చినది!

ఇంత దూరమేల, మన బందరుకోట చెప్పు కథ యొకటి యున్నది. కుంఫిణీవారి మద్రాసు సైన్యములో పదవు లమ్ముట లేదు, సీనియారిటీయే ప్రమాణము. కాని జీతముకంటె బత్తెములు ముఖ్యములుగ నుండెను. దేశీయ పటాలములను నడపు దొరలకు గుడారముల గుత్త యని నెలనెల కొంత సొమ్ము ముట్టుచుండెను. సిపాయిలకు గుడారములు, వానిని మోయు పశువులు దొరయే సమకూర్చుకొనవలయును. శాంతికాలమున పటాలము కోటలో కదలక కూర్చున్నను అదే సొమ్ము, యుద్ధమునకు నడచినను అదే సొమ్ము. గుడారములు చిరిగినకొలది, పశువులు తగ్గినకొలది దొర పెట్టె నిండుచుండును. క్వార్టరు మాస్టరు జనరలుగా నుండిన మన్రో యను నధికారి (మన దత్తమండలముల కలెక్టరు థామస్ మన్రో కాడు, వేఱొకడు) ఈ పద్ధతివలన అధికారి ధర్మమునకును లాభమునకును వైరము కలుగుచున్నదని నివేదిక వ్రాసెను. 1808లో గుత్త రద్దయినది. దొరలు మండిపడిరి. నివేదిక తమ ప్రతిష్ఠకు భంగమని మన్రోమీదనే అభియోగము తెచ్చిరి. గవర్నరు బార్లో, అసంతృప్తిని వ్యాపింపజేయుచున్నారన్న యనుమానముమీద 1809 మేలో పలువురు అధికారులను విచారణ లేకయే పనినుండి నిలిపివేసెను. ఆ జూన్‌లో బందరుకోటలోని యూరోపియను పటాలపు అధికారులు తమ పై యధికారియగు ఇన్నిసును నిర్బంధించి తిరుగుబాటు చేసిరి. దానికి తక్షణకారణము ఓడలమీదికి దళములను పంపుదురన్న వదంతి యైనను, మూలమున నున్నది ఈ కసియే. హైదరాబాదు దండును అదే త్రోవ పట్టినది. ఆగస్టులో శ్రీరంగపట్టణముకడ కుంఫిణీ బలములు రెండు పాయలై ఢీకొన్నవి. దొరల బత్తెముల తగవులో నేలకొరిగినవారు సిపాయిలు. ఎందులకు చచ్చుచున్నారో వారికెవ్వరైన చెప్పిరో లేదో!

బందరు కథలో మాకు రెండు సంగతులు కనబడుచున్నవి. ధర్మమును పాటించినవాడు నష్టపడి, తప్పినవాడు లాభపడు నట్లు నిబంధన యున్నచో నీతిబోధ యెంత చేసినను వ్యర్థము అనునది మన్రో కనిపెట్టిన విషయము. గుత్త రద్దుచేయుట ధర్మమే. కాని ఆ ధర్మమైన పనిని బార్లో అధర్మమైన త్రోవను నడిపించెను. నీ తప్పిది, దీనికి నీ సమాధానమేమి యని యడుగకయే మనుష్యుని తలకొట్టినచో, తప్పుచేసినవాడును తప్పుచేయనివాడును ఒక్కటై నిలుతురు. అవినీతిపరునికి అంతకంటె మంచి డాలు మఱియొకటి లేదు.

చీనాలో నేడు జరుగుచున్నది ఈ రెండవ తప్పే యని మా యభిప్రాయము. దండనలకు కొదువ లేదు. 2012 తరువాత అక్కడ పదవి పోయిన జనరళ్లు పెక్కుమంది. సైన్యము వ్యాపారములు చేయరాదని 1998లోనే ఉత్తరువాయెను. డబ్బుపుచ్చుకొని బయటివారికి చేయు సేవలను 2016 మొదలుకొని మాన్పించిరి. అయినను పదేండ్ల దండన తరువాత, దండించుటకు నియమింపబడిన క్రొత్తవాడే మరల దొరకుచున్నాడు. ఏమి కారణము? పదవి రానివాడు తన దస్త్రమున ఏమి వ్రాయబడినదో చూడలేడు. తనకంటె తక్కువవాడు ఏల మీదికి పోయెనో యడుగుటకు సైన్యమునకు వెలుపల నతనికి గడప లేదు. నేరవిచారణ మూసిన తలుపుల వెనుక జరుగును. తీర్పుమాత్రము వెలువడును, సాక్ష్యము వెలువడదు. ఎవడు లంచగొండి యని పడిపోయెనో, ఎవడు అధ్యక్షుని యభిమానము తప్పి పడిపోయెనో ప్రజలకు గాని సిపాయిలకు గాని తెలియు త్రోవ లేదు. కావున ప్రతి అధికారియు నేర్చుకొను పాఠము 'లంచము వలదు' అని కాదు, 'బలమైనవాని నీడ వదలవలదు' అని. ఆ నీడకును వెల కలదు. బజారు మూతపడలేదు, సరకు మాఱినది.

ఇక మన యింటి సంగతి. మన సైన్యము ప్రజాప్రభుత్వమునకు లోబడి, రాజకీయములందు చేయి పెట్టక, పరువుతో నిలిచిన సైన్యము. ఆ పరువును గూర్చి మాకు గర్వము కలదు. గర్వము కన్నులకు గంతలు కాకూడదు. 2021 ఫిబ్రవరి 28న సిపాయిల నియామకమునకై జరుగవలసిన పరీక్ష, ప్రశ్నపత్రము ముందే బయటపడినందున దేశమంతట నిలిపివేయబడినది. పుణెలో అరెస్టులు జరిగినవి. తరువాతి మాసముననే, అధికారుల నియామకమున వైద్యపరీక్షలు మొదలగు ఘట్టములకడ లంచములు నడచినవన్న యారోపణమీద కేంద్ర నేరపరిశోధనశాఖవారు 17 గురు సైనికోద్యోగులపైనను, మఱి కొందఱిపైనను కేసు దాఖలు చేసిరి. ఫిర్యాదు సేనా ప్రధానకార్యాలయమునుండియే వచ్చుట మెచ్చదగినది. అభియోగము వేఱు, నేరస్థాపన వేఱు. కాన ఆ కేసులోని వ్యక్తులను గూర్చి మేమేమియు చెప్పము. కాని ఒక ఉద్యోగి బుద్ధి చెడినదని సరిపెట్టుకొనుటకు వీలులేని కేసది. వైద్యుని వ్రాతకు, గుమాస్తా ముద్రకు వెల యుండుననియు, దానిని చెల్లించువారు కలరనియు నమ్మిన దళారులు లేక అట్టి యారోపణలు పుట్టవు.

ఈ దళారి మన జిల్లాలలో క్రొత్తవాడు కాడు. గుంటూరు, విశాఖపట్టణము, సికిందరాబాదులలో సైనిక నియామక కార్యాలయము లున్నవి. శ్రీకాకుళము మొదలుకొని పాలమూరువఱకు తెల్లవాఱకమున్నే రోడ్లమీద పరుగులు తీయు పడుచువాండ్రను చూడనివారు లేరు. మిలిటరీ మాధవరమను పేరు మోయు గ్రామమే మనకున్నది. ఇట్టి కుఱ్ఱవాని తండ్రికడకు దళారి వచ్చి, లోపల మనవారున్నారు, ఇంత యిచ్చిన పని యగును అనును. వంద మంది దగ్గఱ పుచ్చుకొనును. అందులో పదిమంది తమంత తామే నెగ్గుదురు. వారి సొమ్ము వానికి దక్కును, కీర్తియు దక్కును. తక్కినవారిలో గోలపెట్టినవారికి మాత్రము తిరిగి యిచ్చును. లోపల వానికెవ్వరును ఎఱుకలేకపోయినను వర్తకము నడచుటకు సైన్యము చెడిపోయినదన్న నమ్మకమొక్కటి చాలును. మోసపోయిన తండ్రులు ప్లీడర్ల గడపలెక్కునప్పుడు మేము చెప్పవలసివచ్చు మాట చేదైనది. 2018లో సవరింపబడిన అవినీతి నిరోధక చట్టము ప్రకారము ఉద్యోగికి లంచమిచ్చుటయు నేరమే. బలవంతముచే నిచ్చినవాడు ఏడు దినములలోపల అధికారులకు తెలియజేసినచో వానికి మినహాయింపు కలదు. ఏడు దినములు! ఫలితములు మాసములకుగాని రావు. అంతవఱకు తండ్రి ఆశతో మౌనముగ నుండును. ఆశ తీఱిన దినమున ఆతడే ముద్దాయి యగునేమోనని వణకును. ఈ సంగతి ప్రతి నియామక ప్రకటనయందును, పెద్ద అక్షరములతో, తెలుగులో అచ్చువేయింపవలయును. 2023 నుండి దేహపరీక్షకు ముందుగనే కంప్యూటరుమీద వ్రాతపరీక్ష పెట్టుచున్నారు. అది మంచి మార్పు.

లోపల చేరినవాని సంగతి యేమి? ఇచ్చట మనకు చీనావానికి లేని గడప యొకటి కలదు. 2007 నాటి చట్టముచే ఏర్పడి 2009లో పని ప్రారంభించిన సాయుధదళముల ట్రిబ్యునలు అనునది సిపాయి మొదలు జనరలువఱకు తమ పదోన్నతి, జీతము, పింఛను విషయములలో ఫిర్యాదు చేసికొనదగిన ధర్మాసనము. అది గొప్ప మేలు. కాని ఆ చట్టమును చదివినవారికి దాని చిల్లులును తెలియును. బదిలీలు, నియోగస్థానములు ఆ ట్రిబ్యునలు విచారింపరాదు. లోకానుభవము కలవారికి చెప్పవలెనా? పదవికంటె స్థలమే ఎక్కువ ధర పలుకు చోట్లు ఏ శాఖలోనైనను ఉండును. మఱియు, ఏ శాఖమీద ఫిర్యాదులు వచ్చునో ఆ రక్షణశాఖ క్రిందనే ట్రిబ్యునలు నుంచిరి. ప్రతివాది యింటి వసారాలో న్యాయాధిపతి కూర్చున్నట్లున్నది. గడచిన సంవత్సరములలో సభ్యుల ఖాళీలు పూరింపబడక వ్యాజ్యములు పేరుకొనిపోయిన దినములును కలవు.

2008లో దేవ్ దత్ వ్యాజ్యమున మన సుప్రీము కోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పినది. ప్రభుత్వోద్యోగినిగూర్చి పై యధికారి వ్రాయు వార్షిక నివేదికలోని ప్రతి వ్రాతయు, మంచిదైనను చెడ్డదైనను, ఆ యుద్యోగికి తెలియజేయవలయును అని. అదే వాక్యమున సైన్యమునకు మినహాయింపు ఇయ్యబడినది. సైన్యమునకు తన నియమములు కలవు. నివేదికలో కొంత చూపుదురు, కొంత చూపరు. 2021 మార్చిలో స్త్రీ అధికారుల శాశ్వత నియామకమును గూర్చిన నితీషా వ్యాజ్యమున, పాతనివేదికలను లెక్కగట్టిన తీరే అన్యాయముగ నున్నదని అదే న్యాయస్థానము తేల్చినది. ఆ స్త్రీలు కోర్టుకు రాకపోయినచో ఆ లెక్క ఎవ్వరికిని తెలిసియుండెడిది కాదు. ఇక 2012లో భూసేనాధిపతి పుట్టినతేదీ వివాదమునే తీసికొనుడు. సేనలోని ఒక శాఖ పుస్తకమున 1951, మఱియొక శాఖ పుస్తకమున 1950! ఎవరి పక్షము న్యాయమైనదో మాకిప్పుడు ప్రస్తుతము కాదు. ఆతడు తన పిటీషను ఉపసంహరించుకొనెను, పదవి విరమించెను. సేనాధిపతి పుట్టినయేడే రెండు పుస్తకములలో రెండు విధములుగ నుండి, దశాబ్దములు తేలకపోవచ్చునన్నచో, సుబేదారు దస్త్రము గతి యేమి యని మా సందేహము.

సేనానులు మాకు చెప్పబోవు సమాధాన మెఱుగుదుము. ప్రతి సిపాయియు వకీలును వెంటబెట్టుకొని నడచినచో సైన్యము సైన్యము కాదు, కచ్చేరి యగును అందురు. ఈ మాటలో సగము సత్యము కలదు. కొండయెక్కుమన్న ఉత్తరువునకు వాయిదా కోరరాదు. ఆ చోట విధేయతయే ధర్మము, అందులకు మేము అడ్డు చెప్పము. కాని సంవత్సరాంతమున గదిలో కూర్చుండి వ్రాయు మార్కుల కాగితము యుద్ధభూమి కాదు. అది శత్రువు చేత పడునను భయమును లేదు. దానిని ఆ సిపాయికి చూపినచో ఏ రహస్యము పోవును? వ్రాసినవాడు తన వ్రాతకు తాను సమాధానము చెప్పవలసివచ్చును, అంతియే. ఆ భయము మంచిదే.

2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథము వలన ఈ మార్కుల కాగితము మునుపెన్నడును లేనంత బరువైనది. ఆ పథకమును గూర్చి వాదప్రతివాదములు చాల జరిగినవి; ఆ జూన్ 17న సికిందరాబాదు స్టేషనులో ఒక యువకుని ప్రాణమే పోయినది. ఆ వాదము నిచ్చట తిరుగదోడము. నాలుగేండ్లు సేవచేసిన నూఱుమందిలో హెచ్చుకు హెచ్చు ఇరువదియైదుగురు మాత్రమే సేనలో నిలుపబడుదురు. తక్కినవారు సుమారు 11.71 లక్షల రూపాయలు పుచ్చుకొని యింటికి రావలయును. నిలిచినవానికి మఱి పదునైదేండ్ల కొలువు, పింఛను. ఇరువదియేండ్లు దాటిన ప్రాయముననే ఒకే డేరాలో పండుకొన్న నలుగురు స్నేహితులలో ఒక్కని బ్రతుకు ఒకదారి, మువ్వురి బ్రతుకు మఱియొక దారి. దారులు చీలునది ఆ కాగితముమీద. పూర్వము చెడ్డ మార్కు వలన సిపాయికి పదోన్నతి ఒక రెండేండ్లు వెనుకబడెడిది, నేడు కొలువే పోవును. ఇంత విలువ యొక కాగితమునకు వచ్చినప్పుడు దానిచుట్టు దళారి మూగకుండునా? నియామకముకడ గుమికూడిన దళారి, నాలుగేండ్ల చివర మరల ప్రత్యక్షము కాకుండునా? నిలిచిన కుఱ్ఱవాడు సెలవుమీద ఊరికి వచ్చినపుడు రచ్చబండకడ వానిని గూర్చి 'ఎంత కష్టపడినాడో' అనుకొందురా, 'ఎంత యిచ్చినాడో' అనుకొందురా?

రచ్చబండవారికి నచ్చజెప్పుటకు గంభీర ప్రకటనలు చాలవు. నిష్పక్షపాతమైన ప్రమాణములపై ఎన్నిక జరుగునని ప్రభుత్వమువారు చెప్పియున్నారు, సంతోషము. ఆ ప్రమాణములలో పరుగునకెన్ని మార్కులు, గుఱికెన్ని, పై యధికారి యభిప్రాయమున కెన్ని యనునది ప్రతి అగ్నివీరుడును చేరిన మొదటినాడే తన భాషలో చదువుకొనునట్లుండవలయును. ఏటేట వచ్చిన మార్కులు ఆతనికి చూపి సంతకము పుచ్చుకొనవలయును. అభిప్రాయపు మార్కులు వేయువాడు ఒక్కడే కాక, ఆతని నెఱుగని మఱియొకడును ఉండవలయును. తుదిపట్టిక తయారైనపుడు నిలువని డెబ్బదియైదుగురికి తమ మార్కులును, నిలిచినవారిలో కడపటివాని మార్కులును తెలియజేసి, సేననుండి విడుదల కాకమున్నే అభ్యంతరము చెప్పుకొనుటకు ముప్పది దినముల గడు వియ్యవలయును. ట్రిబ్యునలు ఖాళీలు ఆ దినములలోనైనను పూరింపబడియుండవలయును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములనుండి లోకసభకు వెళ్లిన 42 మంది సభ్యులలో ఎవరైనను ఒకరు ఈ విషయమున ఒక ప్రశ్న వ్రాసి పంపినచో, ఆ ప్రశ్నను, దానికి మంత్రిగారిచ్చు సమాధానమును ఈ పుటయందే సంపూర్ణముగ ప్రకటింతుము.